అవతలి వైపు మొరం

మా అమ్మకు ఒక్కడే అన్న. ఏటి ఒడ్డున నీటితో తిరిగే పిండిమర నడిపేవాడు. ఊరికి ఆయన తిరగలాయన, నాకు మావయ్య. కనుబొమల మీద, చెవుల అంచుల్లో, చొక్కా మడతల్లో ఎప్పుడూ పిండి ఉండేది. వానలో తడిసి ఇంటికొస్తే అది ముద్దకట్టి భుజాల మీద ఎండిపోయేది. "మనిషిని కూడా తిరగల్లో వేసి, సగంలో ఆపేసినట్టున్నారు" అనేది అత్తయ్య.

మరకు రెండు గదులు. పై గదిలో రాళ్ళు, గింజలు పోసే చెక్క తొట్టి, కిటికీ పక్కన ఒక బల్ల. కింది గదిలో నీటి చక్రం. అక్కడ ఎప్పుడూ చీకటి, ఎప్పుడూ తడి. చక్రం తిరుగుతున్నంతసేపూ పై గది నేల సన్నగా వణికేది. సెలవుల్లో నేను ఆ బల్ల మీద కూర్చుని చదువుకుంటుంటే పుస్తకంలో అక్షరాలు కూడా వణికేవి. రాళ్ళు నున్నబడినప్పుడు మావయ్య పై రాయిని వెల్లకిలా తిప్పి, ఉలితో కక్కు కొట్టేవాడు. మళ్ళీ గరుకెక్కేదాకా చిన్న చిన్న దెబ్బలు, పొద్దంతా.

"అరిగిన రాయి ఎక్కడికి పోతుంది మావయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఎక్కడికి పోతుందే కోడలా, రొట్టెల్లోకి. ఊరంతా కలిసి ఇప్పటికి ఓ రాయి మింగేసుంటారు. ఎవరితోనూ అనకు, గిరాకీ పోతుంది."

గింజలు పోసి, చక్రం మీదికి నీళ్ళు వదిలే తూము పలక ఎత్తి, పిండి రాలడం మొదలవగానే ఆయన కిటికీ దగ్గరికి వచ్చి కొండ వైపు చూసేవాడు. వెళ్ళి ఇంకో తట్ట గింజలు పోసి వచ్చి, మళ్ళీ చూసేవాడు. అత్తయ్యకు అదో వినోదం.

"నన్ను చేసుకున్నాక ఒక్కనాడైనా నా మొహంలోకి అంతసేపు చూశారా?"

"నువ్వెక్కడికి పోతావు. అది పోతుందేమోనని చూస్తున్నా."

"కొండ ఎక్కడికి పోతుందండీ?"

గింజలు తెచ్చినవాళ్ళూ ఆటపట్టించేవారు. "ఏం తిరగలాయనా, కొండ ఉందా, ఎవరైనా ఎత్తుకుపోయారా?" ఆయన నవ్వేవాడు కాదు. "ఇవాళ్టికి ఉంది" అని సంచి మూతి కట్టి ఇచ్చేవాడు.

ఆయన చూపు నిలిచేది కొండకున్న మెడ మీద. మా ఏరు పైన ఎక్కడో పెద్ద కొండల్లో పుట్టి, మా లోయలోకి దిగే ముందు ఒకచోట వెడల్పుగా వంపు తిరుగుతుంది. అక్కడ రెండు గుట్టల మధ్య కొండ సన్నబడి, పల్లమై ఉంటుంది. దాన్నే అందరూ మెడ అనేవారు. మెడకు ఇవతల ఏరు, మోకాలి లోతున, తొందర లేకుండా. అవతల ఒక్కసారిగా జారుడు. అవతలి లోయ మా లోయ కన్నా చాలా లోతు. ఆ జారుడులో ఒక కోత వాగు ఉండేది. వాన పడినప్పుడే దాన్లో నీళ్ళు. పడిన ప్రతిసారీ వాగు తల దగ్గర నేల విరిగి కిందికి పోయేది, తల ఇంకాస్త పైకి జరిగేది. అలా జరిగి జరిగి ఎప్పుడో మెడ తెగిందంటే ఏరు ఆ నిటారు దారి పట్టుకుని అటే దిగిపోతుంది. ఇక మా వైపు రాదు. మావయ్యకు ఈ మాట ఆయన తండ్రి చెప్పాడు. తండ్రికి తాత చెప్పాడు. ఆ ఇంట్లో పుట్టిన మగవాడికి ఏటిని ఇవతలే నిలబెట్టడం మొదటి పని, పిండి విసరడం రెండో పని.

మెడ అంతా ఒకప్పుడు గట్టి రాయే అయ్యుండాలి. చూపుకు ఇప్పటికీ రాయే. తెల్ల గింజలు, గులాబీ గింజలు, మెరిసే నల్ల రేకులు, రాయిలో ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. చిన్నప్పుడు మావయ్య ఒక పెళ్ళ నా చేతిలో పెట్టి నలపమన్నాడు. ఎండు రొట్టెలా పొడిపొడి అయిపోయింది.

"రాయి అనుకున్నాను," అన్నాను.

"అదీ అలాగే అనుకుంటోంది. దాని లోపలికి నీళ్ళు దూరి ఎన్ని తరాలైందో."

వెంట్రుకంత పగులు చాలునట. అందులోకి వాన చేరుతుంది, వేరు చేరుతుంది. పగలు ఎండకు ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకుని పగులు ఇంకాస్త విచ్చుకుంటుంది. రాతిలో కొన్ని గింజలు నీళ్ళు తాగి తాగి బంకమట్టి అయిపోతాయి. వాటి మధ్య ఇరుక్కున్న గట్టి గింజలకు పట్టు పోతుంది. అంతా అయినా రాయి కూలదు, ఎవరైనా ముట్టుకునేదాకా అలాగే నిలబడి ఉంటుంది. అదే మొరం. తడిపి దిమ్మిసతో కొడితే మళ్ళీ గట్టిగా పట్టుకుంటుంది. ఊళ్ళో ఇళ్ళ నేలలకు, బాటలకు, పునాదులకు అదే వాడేవారు. వంపు దగ్గర ఏరు మెడను ఒరుసుకోకుండా ఇవతల ఒక కట్ట ఉండేది. ప్రతి వానాకాలం తర్వాత మావయ్య ఇంటివాళ్ళు ఆ కట్టకు మొరం కొట్టి, రాళ్ళు పేర్చి, ఏడాదికి సరిపడా గట్టి చేసుకునేవారు.

మొరం తవ్వడానికి ఒక కట్టుబాటు ఉంది. మెడకు ఇవతల గడ్డపార పడకూడదు. పైకెక్కి, అవతలికి దిగి, ఆ వాలులో తవ్వి, తట్ట నెత్తికెత్తుకుని మళ్ళీ మెడ దాటి రావాలి. ఇవతలే తవ్వుకుంటే పని సగమయ్యేది, కాని ఎవరూ తవ్వేవారు కాదు. మా అమ్మ పిల్లప్పుడు అలా తట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు పలచబడిందని చెప్పుకునేది, కొంత గొప్పగానే. ఎవడో బద్ధకించి ఇవతల నాలుగు పారలు తీశాడట. ఏడాది పొడుగునా వాడి గింజలు మరలో అందరికన్నా ఆఖరున పడ్డాయి. అవతలి వాలు ఎవరి సొంతమూ కాదు. అక్కడ ఎంత తవ్వినా అడిగేవాడు లేడు. మన వైపు చెయ్యి పెట్టలేదన్న తృప్తి ఊరంతటికీ ఉండేది.

మర చక్రం రెక్కలు చివికినప్పుడల్లా కొత్తవి వేయాలి. ఆ పని చేసేది అవతలి లోయ వడ్రంగి. చెక్కలు భుజాన వేసుకుని మెడ మీదుగా వచ్చేవాడు, వెంట కొడుకు. ఆ రాకపోకల్లోనే సంబంధం కుదిరి, మావయ్య కూతురు, నాకు వదిన, ఆ వడ్రంగి ఇంటి కోడలైంది. మెడ దాటి నడిస్తే పొద్దున బయల్దేరినవాళ్ళు భోజనం వేళకు చేరేవారు. రోడ్డు మీద అయితే కొండ చుట్టూ తిరగాలి, రోజంతా పడుతుంది. అందుకని వదిన ఎప్పుడూ నడిచే వచ్చేది, చెప్పులు చేత్తో పట్టుకుని.

వడ్రంగిది ఉలి కన్నా పదునైన నోరు. చక్రం కింద తడిలో కూర్చుని రెక్కలు బిగిస్తూ కూడా ఊరుకునేవాడు కాదు.

"బావగారూ, పిల్లనిచ్చారు, సంతోషం. ప్రతి వానకీ వెనకాలే ఇంత మొరం కూడా ఎందుకండీ పంపడం?"

"మేం పంపేదేముంది బావగారూ, కొండ పంపుతోంది."

"కొండకి మా గుమ్మం ఎవరు చూపించారో మరి."

ఇద్దరూ నవ్వుకునేవారు. వడ్రంగి ఇల్లు, పక్కనే చెక్క షెడ్డు, కోత వాగు లోయలోకి విచ్చుకునే చోట ఉండేవి. అక్కడ నేల విసనకర్రలా పరుచుకుని, ఇళ్ళు కట్టుకోవడానికే చేసిపెట్టినట్టు చదునుగా ఉంటుంది. అలాంటి ఇళ్ళు ఒక వీధంత ఉన్నాయి. నిటారు కొండల మధ్య ఆ చదును ఎక్కణ్ణుంచి వచ్చిందని అప్పట్లో ఎవరికీ తోచలేదు. మెడ నుంచి జారిన మొరమే ఏళ్ళ తరబడి పరుచుకుని ఆ నేల అయింది.

మా అమ్మ చిన్నతనంలో మెడ మీద పిల్లలు పరుగు పందేలు పెట్టుకునేవారట. నేను చూసేనాటికి ఒక బాట, బాట పక్కన అలసిన మనిషి కూర్చునేంత చోటు మిగిలాయి. వదిన పెళ్ళయిన కొన్నేళ్ళకు కూర్చునే చోటు కూడా పోయి, బాట మిగిలింది. ఒక వానాకాలం తర్వాత మావయ్య పైకెక్కి, బాటకు అడ్డంగా వెల్లకిలా పడుకుని చూశాడు. తల అవతలి అంచు దాటి గాల్లో ఉంది. మడమలు ఇవతలి అంచు దాటి ఏటి మీద ఉన్నాయి. దిగి వచ్చి, కంచం ముందు కూర్చుని, లేచిపోయాడు.

"ఒంట్లో బాగాలేదా?" అంది అత్తయ్య.

"నా పొడుగే లేదు అది," అన్నాడు.

ఆ ఏడు నుంచి ఆయన కట్ట పని పెంచాడు. ఊళ్ళోవాళ్ళు అప్పటికి సిమెంటు నేలల్లోకి మారిపోయారు. బజార్లో కరెంటు మర వచ్చింది. మొరం కోసం కొండెక్కేవాడు ఈయన ఒక్కడే. పొద్దున్నే గడ్డపార, పార, తట్ట తీసుకుని వెళ్ళేవాడు. అవతల తవ్వి, మోసుకొచ్చి, ఇవతల కట్ట మీద పోసి, దిమ్మిసతో కొట్టేవాడు. కట్ట ఆయన నడుము దాకా లేచింది, తర్వాత ఛాతీ దాకా. దాని వెనక ఏరు నిండుగా, నల్లగా నిలబడేది. మరలో గిరాకీ ఉన్న రోజులు తగ్గాయి కాబట్టి పనికి తీరిక దొరికింది.

"గింజలే రావట్లేదు, ఈ కట్ట ఎవరికోసమండీ?" అని అత్తయ్య అడిగితే, "గింజలు రాకపోతే మర ఆగుతుంది, అంతే కదా. ఏరే పోతే?" అని తట్ట ఎత్తుకునేవాడు.

ఆ రోజుల్లోనే నీళ్ళ ఆఫీసు నుంచి కొండలు సర్వే చేసే అమ్మాయి వచ్చింది. ఎండకు కమిలిన మొహం, వీపున సంచి, చేతిలో చిన్న సుత్తి. దారి చూపడానికి మావయ్య వెళ్ళాడు, వెంట నేనూ వెళ్ళాను. ఆయన దారంతా హుషారుగా ఉన్నాడు. చూపించడానికి తన దగ్గర ఏదో ఉన్నవాడి నడక అది. కట్ట దగ్గరికి రాగానే ఆగి, దాని మీద చెయ్యి వేశాడు.

"ఇంత కట్ట మీరొక్కరే వేశారా పెద్దాయనా?"

"నాకు ముందు మా నాన్న, మా తాత. నేను ఎత్తు పెంచానంతే."

"మొరం ఎక్కడిది?"

"అవతలిది. ఇవతల మేం చెయ్యి పెట్టం. పెట్టనివ్వం కూడా."

ఆ అమ్మాయి మెడ ఎక్కి అవతలి వాలును చాలాసేపు చూసింది. తరాల గడ్డపారలు తీసిన గుంటలు ఒకదాని మీద ఒకటి మెట్లలా దిగి, కోత వాగు తలలో కలిసిపోయి ఉన్నాయి. ఎక్కడ మనిషి తవ్వింది ఆగిందో, ఎక్కడ వాన తవ్వింది మొదలైందో చెప్పడం కష్టం. ఆమె సుత్తితో రెండు చోట్ల కొట్టి చూసి, సుత్తి సంచిలో పెట్టేసింది.

"మీకెలా చెప్పాలో తెలీడం లేదండీ."

"చెప్పమ్మా, పర్లేదు."

"ఇవతలి నుంచి ఏరు దీన్ని ఒరుసుకునేది చాలా తక్కువ. ఇక్కడ వాలే లేదు కదా. మెడను తింటున్నది అవతలి కోత. మీరు తవ్వుతూ వచ్చింది సరిగ్గా దాని నోటి దగ్గర."

మావయ్యకు ఆ మాట తలకెక్కలేదు. "ఇవతల ముట్టుకోలేదమ్మా," అన్నాడు మళ్ళీ.

"ఇవతలా అవతలా ఒకే గోడకి కదండీ."

ఆయన కట్ట మీద కూర్చున్నాడు. "మేం తవ్వకపోయుంటే నిలిచేదా?" అని అడిగాడు.

"ఎప్పటికైనా పోయేదే. రాయి మెత్తబడటం ఆగదు, వాన ఆగదు. కొండల్లో నీటి హద్దులు జరుగుతూనే ఉంటాయండీ, ఒక లోయ నీళ్ళు ఇంకో లోయ లాక్కుంటుంది. మనుషులు లేని చోట కూడా అదే జరుగుతుంది."

"మా వల్ల ఎంత ముందొచ్చింది?"

"ఊరికే ఒక అంకె చెప్పలేనండీ."

"మా అమ్మాయి పిల్లల కాలానికి ఉండేదా?"

"ఉండేదేమో," అంది ఆ అమ్మాయి.

చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. అది కూడా ఆమె దాచలేదు. ఇంత సన్నని మెడ పెద్ద వానలో తెగితే కొంచెం కొంచెంగా తెగదు. కట్ట వెనక నిలబడ్డ నీళ్ళన్నీ ఒక్కసారి పోతాయి. ఎంత ఎత్తు కడితే అంత నీరు. కింద విసనకర్ర నేల మీద ఉన్న వీధి ఆ దారిలోనే ఉంది. నీళ్ళు తగ్గిన కాలంలో మెడకు లోతు లేని గండి కొట్టి, రాళ్ళు పరిచి, ఏటిని మెల్లగా అటు దించడం తప్ప దారి లేదని ఆఫీసుకు రాస్తానంది. "మీరు కాదంటే వాళ్ళు బలవంతం చెయ్యరు. ఇక్కడి నీళ్ళ హక్కు మీ మరదే. కాని కాదనకండి," అంది.

కొండ దిగి ఊళ్ళోకి వచ్చాక మావయ్య నడక మారింది. ఇళ్ళ ముందు బాటలు, పాత అరుగులు, సిమెంటు పెచ్చులూడిన చోట కింద కనపడే ఎర్రటి నేల, ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు. ఆ ఊళ్ళో ఎవరి గుమ్మం తొక్కినా మెడనే తొక్కుతున్నట్టు. ఇంటికి రాగానే అత్తయ్య ఆయన మొహం చూసి కాళ్ళకు వేడినీళ్ళు పెట్టింది. ఆయన కాళ్ళు అందులో పెట్టుకుని, నీళ్ళు చల్లారిపోయాక కూడా తీయలేదు.

అయినా ఒప్పుకోలేదు. ఆఫీసు నుంచి మనిషి వస్తే, "చూద్దాం" అని పంపేశాడు. అవతల తవ్వడం మాత్రం మానేశాడు. ఏట్లో రాళ్ళు ఏరి, అవతలి గుంటల్లో పోయడం మొదలుపెట్టాడు. ఎండాకాలమంతా పోశాడు. తాతలు తీసింది తను నింపుతాడట. మొదటి జల్లుకే ఆ నింపుడంతా జారి, వడ్రంగి షెడ్డులో పని బల్ల కాళ్ళ చుట్టూ చేరింది.

ఆ వారంలో వడ్రంగి వచ్చాడు. భుజాన చెక్కలు లేవు. పై గదిలో బల్ల చివర కూర్చున్నాడు.

"ఇవాళ పని మీద రాలేదు బావగారూ. ఒక మాట అడిగిపోదామని."

"అడగండి."

"ఏటిని వదిలేయండి."

మావయ్య తూము తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా చేత్తోనా?" అన్నాడు.

"మీ చేత్తో అయితే మెల్లగా వస్తుంది. దానంతటది వస్తే మేం ఉండం."

"కట్ట గట్టిగా ఉంది బావగారూ. ఇంకో రెండు వానలకి దిగుల్లేదు."

"మీ కట్ట మీద మీకు నమ్మకం ఉంది. దాని కింద పడుకునేది మేం."

అత్తయ్య మంచినీళ్ళు తెచ్చింది. వడ్రంగి గ్లాసు అందుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టి లేచాడు. అన్నేళ్ళలో వడ్రంగి ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనకుండా ఆ ఇంటి మెట్లు దిగడం అదే మొదలు.

తర్వాత కొన్నాళ్ళకు వదిన వచ్చింది. బాట జారుడుగా ఉందని చెట్ల కొమ్మలు పట్టుకుని వచ్చిందట, అరచేతులు గీరుకుపోయి ఉన్నాయి. తండ్రిని ఏమీ అడగలేదు. రాళ్ళ చుట్టూ చిందిన పిండిని చీపురుతో దగ్గరికి ఊడుస్తూ, మామూలు ఇంటి సంగతులు చెప్పినట్టే చెప్పింది.

"మబ్బు పట్టిందంటే పిల్లల్ని తీసుకుని గుట్ట మీద బడి వరండాలోకి పోతున్నాం నాన్నా. పక్కలు కూడా అక్కడే ఉంచేశాం."

"ఎప్పట్నుంచి?"

"పోయిన వానాకాలం నుంచి."

"నాకు చెప్పలేదేమే?"

"చెప్తే ఏం చేసేవాడివి? కట్ట ఇంకో జానెడు ఎత్తేవాడివి. దానికి మళ్ళీ మా వైపే తవ్వేవాడివి."

ఆమె గొంతులో కోపం లేదు. పిండి చేటలోకి ఎత్తి, మట్టి కలిసిందేమోనని వేలితో కెలికి చూసింది. మావయ్య చాలాసేపు కూతురి అరచేతుల వంక చూశాడు. తర్వాత తూము పలక దించేశాడు. తొట్టిలో ఇంకా గింజలున్నాయి. చక్రం రెండు మూడుసార్లు బరువుగా తిరిగి ఆగింది.

"చిన్నదానికి దగ్గు తగ్గిందా?" అని అడిగాడు.

"వరండాలో చలి కదా. తగ్గలేదు."

మర్నాడు ఆయనే నీళ్ళ ఆఫీసుకు వెళ్ళి గండికి ఒప్పుకుని వచ్చాడు.

ఊళ్ళో తాగేనీళ్ళు వేరే కొండ నుంచి గొట్టాల్లో వస్తాయి. ఏటి మీద బతికేది మర, దాని కింద నాలుగైదు కూరగాయల తోటలు. తోటలవాళ్ళు మర ముందు గుమికూడారు. "కూతురి కోసం మా మొక్కలు ఎండబెడతావా?" అని ఒకడు మొహం మీదే అడిగాడు. "అవును. ఎండుతాయి," అన్నాడు మావయ్య. ఎదురు చెప్తాడని వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఊళ్ళో ఆయన్ని పలకరించేవాళ్ళు తగ్గిపోయారు. కొండ ఉందా అని అడిగేవాళ్ళు అసలు లేరు.

నీళ్ళు బాగా తగ్గిన నెలలో ఆఫీసు మనుషులు వచ్చి, కట్ట కింద సన్నటి మోరీ పెట్టి, వెనక నిలిచిన నీటిని రోజూ కొంచెం కొంచెం దించారు. అవతలి వాలు పై భాగమంతా బండలు పరిచారు. చివరికి మెడకు ఇవతల గడ్డపార వేయాల్సిన రోజు వచ్చింది. పనివాళ్ళు ఆయన వంక చూశారు. ఆయన ముందుకు వెళ్ళి, మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో పెళ్ళ విరిచాడు. ఆ తర్వాత వాళ్ళను తవ్వనివ్వలేదు, మధ్యాహ్నం దాకా ఆయనే తవ్వాడు. ఇవతలి రాయి కూడా లోపల అంతా మొరమే. మనిషి చెయ్యి పడకుండా కాపాడుకున్న వైపు కూడా అవతలి వైపులాగే చేతిలో పొడి అయింది.

గండి తెరిచాక ఏరు వెంటనే పోలేదు. అంచు దగ్గర ఆగి, పొడి మొరాన్ని తడిపి నల్లగా చేసింది. ఒక దారం లాంటి ధార బయటికి వచ్చి, బండల మధ్య దారి వెతుక్కుంది. తర్వాత అది బొటనవేలంత అయింది, తర్వాత చెయ్యంత. సాయంత్రానికి వంపు కింద ఏటిలో రాళ్ళు బయటపడ్డాయి. మడుగుల్లో చిక్కుకున్న చిన్న చేపలు ఒకే చోట తిరుగుతున్నాయి. మర పై గదిలోకి వెళ్ళి నిలబడితే కాళ్ళ కింద నేల కదలడం లేదు. అత్తయ్య గోడ పట్టుకుని నిలబడింది. కదలని నేల మీద ఆమెకు కళ్ళు తిరిగాయట.

అందరూ సరిగానే చేశారు. కాని అలా దించిన ఏరు మెడ మీది నడక బాటను తనతో తీసుకుపోయింది. ఎండాకాలంలో గండి దూకి దాటొచ్చు. వానాకాలంలో అక్కడ ఏరే ఉంటుంది, దాన్ని దాటే మనిషి లేడు. మొదటి పెద్ద వాన రాత్రంతా కురిసి, పొద్దునకూ ఆగలేదు. మావయ్య గొడుగు కూడా లేకుండా మెడ దాకా వెళ్ళి, నీళ్ళ ముందు నిలబడి తిరిగొచ్చాడు. అవతలి లోయ అంతా తెల్లటి పొగ. ఇల్లుందో లేదో కనపడదు. తడి బట్టలతోనే బస్సెక్కాడు. వెంట నేను వెళ్ళాను. కొండ చుట్టూ తిరిగే రోడ్డు మీద రెండు చోట్ల మట్టి జారి పడి ఉంది, తీసేదాకా బస్సు ఆగింది. ఆయన సీట్లో ముందుకు వంగి, ఎదురు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు.

చేరేసరికి పొద్దు వాలుతోంది. వీధి ఉంది. ఇల్లు ఉంది. గుమ్మం రెండో మెట్టు దాకా ఎర్రటి మొరం పరుచుకుని ఉంది, షెడ్డు సగం తలుపు దాకా పూడిపోయింది. పిల్లలు పై కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. వదిన చీర ఎగదోపుకుని పారతో మెట్లు గీకుతోంది.

"ఇంత వానలో ఎందుకొచ్చావు నాన్నా? ఏం కాలేదు. నీళ్ళు ఇంట్లోకి రాలేదు, ఈ మొరమే."

ఆయన ఆమె చేతిలో పార తీసుకున్నాడు.

బండలు పరిచినంత మేరే ఏరు మాట విన్నది. వాటి కింద మెత్తబడిన రాయి ప్రతి వానకూ విరుగుతూనే ఉంది. ఏరు ఇంకా లోతుగా కోసుకుని, కొండ తన వాలు తను సరిచేసుకుని, దానికి తృప్తి కలిగేదాకా ఆగదట. అందుకు మనుషుల ఆయుష్షు చాలదు. ఎవరి ప్రాణమూ పోలేదు, ఏ ఇల్లూ కొట్టుకుపోలేదు. షెడ్డు మాత్రం రెండేళ్ళకు వదిలేశారు. మర గదిలో అత్తయ్య కట్టెలు పెట్టుకుంది. మావయ్య వానాకాలం మొదలవగానే బస్సెక్కి కూతురింటికి వెళ్ళేవాడు. వానలు ఆగేదాకా ఆ గుమ్మం ముందు మొరం ఎత్తి, వీధి చివర వాగులో పోసేవాడు. ఆయన జీవితంలో చివరి పని అదే. పిండి అంతా రాలిపోయాక, కనుబొమలు నిజంగానే తెల్లబడ్డాయని అప్పుడు తెలిసింది.

చివరిసారి నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు వియ్యంకులిద్దరూ గుమ్మంలో ఉన్నారు. వడ్రంగి మోకాళ్ళ నొప్పులతో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మావయ్య తవ్వుతున్నాడు.

"కాస్త కూర్చోండి బావగారూ. మీరు ఎంత ఎత్తిపోసినా అది వస్తూనే ఉంటుంది."

"తెలుసు బావగారూ," అన్నాడు మావయ్య, పార ఆపకుండా. "మేమూ ఎంత తవ్వినా వస్తూనే ఉంటుందనుకున్నాం."

వడ్రంగి మెల్లగా లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, ఇంకో పార తెచ్చుకున్నాడు. పైన మెడ దగ్గర మబ్బు దిగి కురిసింది. కాసేపటికి వీధి చివర వాగు నీళ్ళు ఎర్రబడ్డాయి.